పావుగంట దూరం

లెక్కల మాస్టారు ఆ ఉదయం తాపీగా కాఫీ తాగుతూ పేపరు చదువుకుంటున్నారు. ఆయన బామ్మర్ది మాత్రం భుజానికి సంచి తగిలించుకుని, బూట్లు కూడా వేసేసుకుని, గుమ్మంలో నిలబడి వాచీ చూసుకుంటున్నాడు. ఇద్దరూ వెళ్ళాల్సింది ఒకే ఊరికి, ఒకే పనికి. సాయంత్రం నాలుగింటికి అక్కడ నాటక పోటీల్లో మాస్టారి భార్య నాటకం ఉంది. బామ్మర్ది వెళ్ళేది బస్సులో, మాస్టారు వెళ్ళేది విమానంలో.

"ఇప్పటికీ మించిపోయింది లేదు బావా. నా పక్క సీటు ఖాళీయేనట, వచ్చెయ్," అన్నాడు బామ్మర్ది.

"నీ బస్సుకి ఎంతసేపు?"

"ఆరు గంటలు. కొండ చుట్టూ తిరిగి వెళ్ళాలి కదా."

"నాకు పావుగంట," అన్నారు మాస్టారు పేజీ తిప్పుతూ.

ఈ పావుగంట ఆయన నోటికొచ్చినట్టు అన్నది కాదు. స్టాఫ్ రూములో గోడకున్న మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిస్తే రెండు ఊళ్ళ మధ్య గాలిదూరం రెండు వందల కిలోమీటర్లు తేలింది. విమానం గంటకి ఎనిమిది వందల కిలోమీటర్లు పోతుందని ఆయన ఎప్పుడో చదివారు. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుంది, ఇందులో ఎవరూ మార్చగలిగింది ఏమీ లేదని ఆయన నమ్మకం. పాతికేళ్ళుగా ఆయన 'కాలము - దూరము' పాఠం చెబుతున్నారు. ఆ పాఠంలో రైళ్ళు అనుకున్న క్షణానికి కదులుతాయి, ఎదురెదురుగా వచ్చినా గుద్దుకోవు, ఎక్కేవాళ్ళకి సామాను ఉండదు, దిగేవాళ్ళకి ఆటో దొరకదన్న బెంగ ఉండదు. అంత కాలం అలాంటి లోకంలో కాపురం చేసిన మనిషికి బయటి ప్రయాణాలు కొంచెం కొత్త.

టికెట్టు కొన్న రోజునే ట్రావెల్స్ యజమాని ఒక మాట చెప్పాడు. "పదిన్నరకి బయల్దేరుతుంది సార్, ఒకటిన్నరకి దిగుతారు."

"రెండొందల కిలోమీటర్లకి మూడు గంటలా? ఎగిరిస్తారా, వెనక నుంచి తోసుకుంటూ తీసుకెళ్తారా?"

"డైరెక్ట్ ఫ్లైటే సార్. మధ్యలో మీరు దిగక్కర్లేదు."

"డైరెక్ట్ అంటే సరళరేఖ. సరళరేఖ మీద పావుగంట. నీకు ఏడో తరగతిలో భాగహారం చెప్పింది నేనే కదయ్యా."

ట్రావెల్స్ యజమాని టికెట్టు కవర్లో పెట్టి ఇచ్చేశాడు. ఏడో తరగతిలో ఒకసారి ఆయనకి ఎదురుచెప్పి చూసిన అనుభవం అతనికింకా గుర్తుంది.

ఇంత హడావిడి దేనికంటే, మాస్టారి భార్య కోసం. ఆవిడ బ్యాంకులో పనిచేస్తుంది. యాభై దాటాక నాటకాల్లో చేరింది. మొదట్లో నవ్వినా, ఇప్పుడు రోజూ భోజనాలయ్యాక ఆవిడ పాత్ర తప్ప మిగతా పాత్రలన్నీ మాస్టారే చదువుతారు. కొడుకు మాటయినా కోడలి మాటయినా, కోపమైనా కన్నీళ్ళయినా, ఎక్కాలు అప్పజెప్పినట్టే చదువుతారు. తన డైలాగు ఎక్కడ మొదలవుతుందో చక్కగా తెలుస్తోందని ఆవిడ సర్దుకుపోయింది. అయితే స్టేజి మీద ఆవిడను ఆయన ఇంతవరకు చూడలేదు. మొదటి నాటకానికి లెక్క ప్రకారం బయల్దేరి, తెర పడ్డాక చేరారు. రెండోదానికి టైముకే చేరారు గానీ పక్క హాల్లో కూర్చుని ఇంకెవరికో చప్పట్లు కొట్టి వచ్చారు.

అందుకని ఈసారి ఆవిడ ముందే చెప్పింది. "మొదటి వరసలో మీ మొహం కనిపించాలి. కనిపించకపోతే నేనేమీ అనను. కానీ ఇంకెప్పుడూ మీచేత డైలాగులు చదివించుకోను."

తిట్టి ఉంటే మాస్టారు దులిపేసుకునేవారు. ఈ మాట మాత్రం గుచ్చుకుంది. భోజనాలయ్యాక ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునే ఆ కాసేపు పోతే తన రోజులో ఇంకేం మిగలదని ఆయనకి బాగా తెలుసు. అది పోగొట్టుకోవడానికి ఆయన సిద్ధంగా లేరు.

బామ్మర్ది వీధిలోకి అడుగుపెట్టబోతుండగా ఫోను మోగింది. ముందు రోజే తన బృందంతో వ్యానులో వెళ్ళిపోయిన ఆవిడ గొంతు కంగారుగా ఉంది.

"ఏమండీ, తలుపు వెనక నా కర్ర ఉందేమో చూడండి."

ఉంది. నాటకంలో ఆవిడది ముసలి అత్తగారి పాత్ర. కాళ్ళు రెండూ దుక్కలా ఉన్నా, ఇంటిల్లిపాదీ తన చుట్టూ తిరగాలని కర్ర పట్టుకుని కుంటే అత్తగారు. వంకీ ఉన్న ఆ నల్లకర్ర లేకపోతే అసలు పాత్రే లేదు.

"తమ్ముడు బయల్దేరాడా? వాడికిచ్చి పంపండి."

"వాడు చేరేలోపు నేను రెండుసార్లు వెళ్ళి రావచ్చు. నేనే తెస్తాను."

"సరే, మీ ఇష్టం," అని ఆవిడ పెట్టేసింది. బామ్మర్ది చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, బావగారి మొహమూ కర్ర మొహమూ చూసి, బస్సుకి వెళ్ళిపోయాడు.

ఆ ప్రాంతంలో విమానాశ్రయం మా ఊళ్ళో కట్టాలంటే మా ఊళ్ళో కట్టాలని ఒకప్పుడు రెండు ఊళ్ళవాళ్ళు కొట్టుకున్నారు. పెద్దలు బాగా ఆలోచించి, ఎవరికీ అన్యాయం జరగకుండా, ఏ ఊరికీ అందని చోట కట్టారు. అక్కడికి టాక్సీలో గంటకు పైగా పట్టింది. పొద్దున్న బామ్మర్ది ఎక్కిన బస్సు కూడా ఆ రోడ్డునే, ఆ గేటు ముందు నుంచే వెళ్ళింది. మాస్టారు చేరేసరికి లగేజీ కౌంటరు అద్దం మీద 'మూసివేయబడినది' అని బోర్డు వేలాడుతోంది. ఆయన దిగులు పడలేదు. చేతిలో ఉన్నది ఒక సంచి, ఒక కర్ర.

సెక్యూరిటీ ఆఫీసరు సంచిని వదిలేసి కర్రను పట్టుకున్నాడు.

"ఈ కర్ర మీదేనా?"

"మా ఆవిడది."

"ఆవిడేరి?"

"ఆ ఊళ్ళో ఉంది."

"ఆవిడక్కడ, కర్రిక్కడ. మరి ఆవిడెలా నడుస్తున్నారు?"

"నడవడానికి కర్రెందుకు? బాగానే నడుస్తుంది. కుంటాలంటేనే కర్ర కావాలి."

ఆఫీసరు ఆయన వంక ఎగాదిగా చూశాడు. "చూడండి సార్, నడవలేనివాళ్ళకైతేనే కర్ర లోపలికి రానిస్తాం. మిగతావాళ్ళు లగేజీలో వెయ్యాలి. వేసి రండి."

లగేజీ కౌంటరు మూసేశారు. విమానానికి పిలుపులు మొదలయ్యాయి. మాస్టారు వెనక్కి వెళ్ళి ఓ స్తంభం చాటున నిలబడ్డారు. దశాంశ బిందువు అర అంగుళం పక్కకి జరిగినా సున్నా వేసే మనిషి, ఆ స్తంభం చాటున జీవితంలో మొదటి అబద్ధం ఆడాలని నిర్ణయించుకున్నారు. అది నోటితో ఆడలేదు, కాలితో ఆడారు. ఎడమకాలు ఈడ్చుకుంటూ, కర్ర ఊతగా, ఈసారి రెండో లైనులోకి వెళ్ళారు. అక్కడున్న ఆఫీసరు మంచివాడు. కర్ర సంగతి అడగనేలేదు. "అయ్యో, మిమ్మల్ని నడిపించారా?" అని నొచ్చుకుని వీల్‌చెయిర్ కోసం కేక వేశాడు.

ఆ విమానాశ్రయానికి ఉన్నది ఒకటే వీల్‌చెయిర్. దాన్ని తోయడానికి వేసిన ఉద్యోగి పని లేక ఎన్నాళ్ళుగానో ఈగలు తోలుకుంటున్నాడు. "వద్దండీ, నేను నడవగలను," అని మాస్టారు మొత్తుకుంటున్నా వినకుండా కూర్చోబెట్టి, జనాన్ని తప్పుకోమంటూ, విమానం మెట్ల దాకా ఊరేగించాడు. మెట్లు ఎక్కడానికి ఇద్దరు చెరో రెక్కా పట్టుకున్నారు. మాస్టారికి సిగ్గుతో చెమటలు పట్టాయి. అది చూసి వాళ్ళు నొప్పి ఎక్కువైందనుకున్నారు.

రెక్కలకి ఫ్యాన్లు తిరిగే చిన్న విమానం అది. పైకి లేచాక మాస్టారు వాచీ చూస్తూ కూర్చున్నారు. సరిగ్గా పావుగంట కాగానే బెల్టు విప్పి, సంచీ కర్రా తీసుకుని, బస్సులో స్టాపు వస్తున్నప్పుడు లేచినట్టు లేచి నిలబడ్డారు.

"కూర్చోండి సార్. ఏం కావాలి?" అంది ఎయిర్ హోస్టెస్.

"దిగాలమ్మా. నేను దిగే ఊరు వచ్చేసి ఉంటుంది."

ఆ అమ్మాయి చిరునవ్వు చెదరకుండా ఆయన్ను కూర్చోబెట్టి, ఇప్పుడు వెళుతున్నది రాజధానికని, అక్కడ కొందరు దిగి కొందరు ఎక్కాక, అప్పుడు ఆయన దిగాల్సిన ఊరికి వెళుతుందని చెప్పింది. రాజధాని ఉన్నది పూర్తిగా అవతలి దిక్కున.

"ఇది డైరెక్ట్ కదమ్మా?" అన్నారు మాస్టారు నీరసంగా.

"డైరెక్టే సార్. అందుకే మీరు దిగక్కర్లేదు. విమానం మాత్రం దిగుతుంది."

రాజధానిలో విమానం దిగింది. ఎక్కాల్సినవాళ్ళు ఎక్కారు. మాస్టారి పక్కసీట్లో బట్టతల పెద్దాయన ఒకాయన వచ్చి కూర్చున్నాడు. తలుపు మూశారు. ఆ తర్వాత విమానంలో ఏదో భాగం మార్చాలని, దయచేసి సహకరించాలని పైలట్ గొంతు వినిపించింది. సహకరించడమంటే కదలకుండా కూర్చోవడం. పన్నెండయింది, ఒంటిగంటయింది. బామ్మర్ది నుంచి మెసేజ్ వచ్చింది: 'చేరాను బావా. మొదటి వరసలో నీ సీటు మీద చేతిరుమాలు వేశాను.' మాస్టారు ఫోను జేబులో పెట్టేసుకున్నారు.

"కాలికేమైంది?" అని పలకరించాడు పక్కసీటు పెద్దాయన, కర్రని చూసి.

"మెట్ల మీద జారిపడ్డానండి."

"పాపం. జాగ్రత్త, మన వయసులో అతుక్కోవు."

ఆ తర్వాత మాస్టారు వెనకనున్న బాత్రూముకి వెళ్ళాల్సి వచ్చింది. పెద్దాయన చూస్తున్నాడు కనుక కుంటుకుంటూనే వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు చిక్కు వచ్చిపడింది. ఏ కాలు కుంటారో గుర్తు లేదు. కంగారుపడకుండా తర్కంతో ఆలోచించారు. వెళ్ళేటప్పుడు కుంటింది తన సీటు కిటికీ వైపున్న కాలు. కాబట్టి ఇప్పుడూ ఆ కిటికీల వైపున్న కాలే కుంటాలి. అలాగే కుంటుకుంటూ వచ్చి, గండం గడిచినట్టు కూర్చున్నారు. మనిషి వెనక్కి తిరిగితే కిటికీ వైపుకి వచ్చేది రెండో కాలన్న సంగతి ఆయనే పిల్లలకు బొమ్మ గీసి చెప్పగలరు గానీ, ఆ సమయానికి తట్టలేదు.

విమానం మళ్ళీ లేచేసరికి రెండు దాటింది. కాసేపటికి మాస్టారు కిటికీలోంచి కిందికి చూసి ఉలిక్కిపడ్డారు. కింద ఉన్నది వాళ్ళ స్కూలు. నీలం రంగు నీళ్ళ ట్యాంకు, దాని పక్క వీధి, ఆ వీధి చివర వాళ్ళ డాబా, డాబా మీద పొద్దున్న ఆయనే ఆరేసిన తెల్లచొక్కా. ఇంటి నుంచి బయల్దేరి ఇన్ని గంటలు ప్రయాణించి, ఆయన మళ్ళీ సరిగ్గా ఇంటికే చేరారు. కాకపోతే చాలా ఎత్తులో చేరారు. కింద ఎవరో సైకిలు మీద పోతున్నారు. మాస్టారికి ఏడుపొచ్చినంత పనైంది. ఆవిడ ఈపాటికి విగ్గు పెట్టుకుని మేకప్ వేయించుకుంటూ ఉంటుంది. కర్ర లేకుండా ఎలా చేస్తుంది? తెర తీశాక మొదటి వరస వంక చూస్తుంది, చూసి చేతిరుమాలు కనిపిస్తే ఏమనుకుంటుంది?

దిగేసరికి మూడున్నర. అక్కడి విమానాశ్రయం కూడా న్యాయంగా కట్టినదే, ఊరికి ముప్పావు గంట దూరం. దిగగానే పరుగెత్తాలనుకున్న మాస్టారికి ఎదురుగా వీల్‌చెయిర్ పట్టుకుని ఒకరు, పక్కన తెల్లకోటుతో డాక్టరు నిలబడి ఉన్నారు. కాలు బాగాలేని ప్రయాణికుడు వస్తున్నాడని ఇక్కడికి ముందే కబురందింది. వైద్య గది తెరిచి ఏడాదయినా ఒక్క రోగీ రాలేదట. డాక్టరుకి మాస్టారిని వదిలే ఉద్దేశం లేదు.

"నాకేం నొప్పి లేదండి, నన్ను వెళ్ళనివ్వండి."

"నొప్పి తెలియడం లేదంటే ఇంకా ప్రమాదం," అని డాక్టరు ఎడమకాలికి మడమ నుంచి మోకాలి దాకా కట్టు కట్టేశాడు.

బయటికి వచ్చేసరికి టాక్సీలన్నీ వెళ్ళిపోయాయి. మాస్టారు కర్ర పట్టుకుని ఎండలో దిక్కులు చూస్తుంటే, సామాను కోసం ఆగిన పక్కసీటు పెద్దాయన కారు ఆపించాడు. "మీరూ ఊళ్ళోకేనా? ఆ కాలితో ఎక్కడ నిలబడతారు, ఎక్కండి."

కారు కదిలాక, పెద్దాయనను తీసుకెళ్ళడానికి వచ్చి ముందు సీట్లో కూర్చున్న మనిషి ఆయన వైపు తిరిగి చేతులు నలుపుకున్నాడు. "మీ కోసమే ఆపేశాం సార్. మధ్యాహ్నం నుంచి ఒక్క నాటకమూ మొదలుపెట్టలేదు. న్యాయనిర్ణేత లేకుండా పోటీలేమిటి?"

మాస్టారి ప్రాణం లేచొచ్చింది. ఆలస్యం కాలేదన్నమాట. ఈ పెద్దాయన వచ్చేదాకా నాటకం ఆగింది. అయితే ఆ ఆనందం కాసేపే. తన భార్య నటనకి మార్కులు వేయబోయే మనిషి తన భుజానికి భుజం ఆనించి కూర్చున్నాడు. ఈయనకి గనక కాలు సంగతి తెలిస్తే, దొంగకుంటు మొగుడి పెళ్ళాం అని ఆవిడ నటన వంక చూస్తాడా? ఇక ఈ ఊరు దాటేదాకా కుంటక తప్పదని మాస్టారు నిశ్చయించుకున్నారు.

హాలు పక్క గుమ్మంలో తెల్లవిగ్గుతో ఆవిడ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. కారు దిగుతున్న భర్తని, కట్టుని చూసి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందండీ?"

"ఏం కాలేదు."

"మరి కట్టేమిటి?"

"కట్టుంది. కాలికేం కాలేదు."

"మెట్ల మీద జారిపడ్డారటమ్మా," అని వెనక నుంచి న్యాయనిర్ణేత అందించాడు.

"మనింటికి ఉన్నవి రెండు మెట్లే కదండీ," అంది ఆవిడ అయోమయంగా. మాస్టారు కర్ర ఆవిడ చేతిలో పెట్టేశారు.

"అదేమిటి, కర్ర ఆవిడకిచ్చేస్తే మీరెలా నడుస్తారు?" అన్నాడు న్యాయనిర్ణేత.

అదృష్టం బాగుండి బామ్మర్ది ఎదురొచ్చాడు. మాస్టారు అతని భుజం మీద వాలిపోయారు.

"బావా, ఏ కాలు?" అని అతను చెవిలో అడిగాడు.

"ఏదో ఒకటి, ముందు పట్టుకో."

తెర లేచింది. మొదటి వరసలో మాస్టారు, ఆయన పక్కన బామ్మర్ది, రెండు సీట్ల అవతల న్యాయనిర్ణేత. ఆవిడ కర్ర టకటకలాడించుకుంటూ స్టేజి మీదికి వచ్చి, నిలబడి, మొదటి వరస వంక చూసింది. భర్త మొహం కనిపించింది. అక్కడి నుంచి ఆవిడకి ఎదురు లేదు. ఇంట్లో తన ఎదురుగా కుర్చీలో కూర్చుని వల్లించే మనిషి ఈవిడేనా అని మాస్టారు నోరు తెరుచుకుని చూశారు. ఆవిడను చూస్తే గర్వంగా ఉంది, ఇన్నాళ్ళు చూడనందుకు బాధగానూ ఉంది. కొడుకు, కోడలు, పక్కింటావిడ మాట్లాడుతున్నప్పుడల్లా ఆయన పెదవులు వాటంతటవే కదులుతున్నాయి.

ఆఖరి దృశ్యంలో అత్తగారు కొడుకు మీద కర్ర ఎత్తాలి. ఎత్తింది. చెమటకి కర్ర చేతిలోంచి జారి, స్టేజి మీద దొర్లి, అంచు దాటి కింద పడింది. కర్ర లేకుండా అత్తగారు ఒక్క అడుగు వేసినా నాటకం పోయినట్టే.

మాస్టారికి ఇంకేం గుర్తులేదు. కట్టు లేదు, న్యాయనిర్ణేత లేడు. ఒక్క గెంతుతో సీట్లోంచి లేచి, పరుగెత్తి, కర్ర అందుకుని, రెండు కాళ్ళ మీదా ఎగిరి స్టేజి మీదికి అందించారు. కట్టు ఊడి, వెనకాల నేల మీద పొడుగ్గా పరుచుకుంది. అప్పుడు గుర్తొచ్చింది. హాలు హాలంతా ఆయన కాళ్ళ వంకే చూస్తోంది.

ఆవిడ కర్ర అందుకుంది. ఊడిన కట్టునీ, రెండు కాళ్ళ మీద నిక్షేపంగా నిలబడ్డ భర్తనీ చూసింది. అప్పుడే ఆవిడకి అంతా అర్థమైంది. ఏమాత్రం తడుముకోకుండా నడుం వంచి, ముసలి గొంతుతోనే అంది.

"దొంగకుంటు నాకొక్కదానికే వచ్చనుకున్నాను. ఊరంతా నేర్చేసుకున్నారన్నమాట."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. అది నాటకంలో లేని మాటని తెలిసినవాళ్ళు బృందం కాక ఒక్క మాస్టారే. ఆయన మెల్లగా సీట్లోకి జారి తల దించుకున్నారు.

పోటీలు ముగిశాక న్యాయనిర్ణేత మైకు అందుకుని, ఉత్తమ నటి బహుమతి అత్తగారి పాత్రకేనన్నాడు. ఎందుకో కూడా చెప్పాడు. "స్టేజి మీద కుంటడం తేలిక కాదు. ఈవిడ మొదటి నుంచి చివరిదాకా ఒకే కాలు కుంటారు. ఇవాళ విమానంలో ఇంకో నటుణ్ణి చూశాను. బాత్రూముకి వెళ్ళేటప్పుడు ఎడమకాలు, వచ్చేటప్పుడు కుడికాలు. తీరా దిగాక కట్టు మళ్ళీ ఎడమకాలికి. అందుకే అంటాను, సాధన ఉండాలి."

బయటికి వచ్చాక మాస్టారు ఆవిడ పక్కకి వచ్చారు. "నా మొహం కనిపించిందా?" అన్నారు.

"మొహమేమిటి, కాళ్ళు కూడా కనిపించాయి," అంది ఆవిడ. బహుమతి కప్పు బామ్మర్ది చేతికిచ్చి, తను భర్త చెయ్యి పట్టుకుంది. "ఎల్లుండి నుంచి కొత్త నాటకం. అన్ని పాత్రలూ మీరే చదవాలి. కూర్చునే చదవండి."

మర్నాడు ముగ్గురూ బస్సు ఎక్కారు. కర్ర పై అరలో పెట్టి, బామ్మర్ది వెనక సీట్లోంచి ముందుకి వంగాడు.

"ఇంటికి ఎంతసేపు పడుతుంది బావా?"

"దిగాక చెబుతాను," అన్నారు మాస్టారు.